మిస్సీ కడిగిన రోజు

థర్మామీటరు నోట్లో పెట్టే ముందు రోగిచేత నోరు పుక్కిలింపించడం నా పాత అలవాటు. నా దగ్గర పని నేర్చుకున్న నర్సులు దానికి చాటుగా నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను. ఆ అలవాటు నాకు మేడ్చల్‌లో అంటుకుంది. దానివల్లే ఒక ఇంటి ఆడవాళ్లను కాపాడుకోగలిగాం. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలకు పెద్దవాళ్లు సాధారణంగా తమ ఓటముల నుంచి పాఠాలు చెబుతుంటారు. ఓటములు నాకూ చాలానే ఉన్నాయి. ఇది మాత్రం గెలిచిన కథ. గెలుపు గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు నేను ఎప్పుడో దాటేశాను.

పెద్ద యుద్ధం అప్పుడే ముగిసింది. నైజాం రాజ్యం ఇంకా నడుస్తోంది. మేడ్చల్ అంటే ఒక రైలు స్టేషను, ఒక బజారు, ఒక పోలీసు ఠాణా, ఒక చర్చి, ఆ చర్చి వెనకాల మా చిన్న ఆసుపత్రి. మా నాయిన రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. నేను లష్కర్‌లో, అంటే సికింద్రాబాదులో, నర్సు పని నేర్చుకుని, ఇంటికి దగ్గరగా ఉంటుందని అక్కడ చేరాను.

మా డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి. తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నారు. "మీకు నొప్పి ఎచ్చట కలుగుచున్నది?" అని ఆవిడ గంభీరంగా అడిగితే, ప్రార్థన మొదలైందనుకుని కొందరు రోగులు తల వంచి కళ్లు మూసుకునేవారు. పక్కన నిలబడి ఆ తెలుగును మా ఊరి తెలుగులోకి మార్చడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం పని రబ్బరు చేతితొడుగులకు అతుకులు వేయడం. యుద్ధం పేరు చెప్పి కొత్తవి రాలేదు. సైకిల్ ట్యూబుకు అతికినట్టే వాటికీ అతికేవాళ్లం.

ఇక మా కంపౌండరు సాబ్. తలా గడ్డమూ నెరిసిన మనిషి. కలరా మందు నుంచి గజ్జి మందు దాకా కళ్లు మూసుకుని కలిపేవాడు, నోరు మాత్రం మూసేవాడు కాదు. ఆసుపత్రిలో ఎవరికి ఏమైందో రోగికంటే ముందు బజారుకు తెలిసేది. మనసులో చెడు లేదు. మంచి కబురు కడుపులో దాచుకోలేని మనిషి, అంతే.

ఆ ఏడు తొలకరి వానల్లో షామీర్‌పేట చెరువు దాపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఇరవై ఐదు దాటి ఉంటుంది. చంకలో ఆడపిల్ల. భర్త సీతాఫలాల తోటలూ చింతతోపులూ గుత్తకు పట్టి, కాయా పండూ లష్కర్ మార్కెట్టుకు పంపే సాయబు. అతను గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె లోపలికి వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"నీళ్లు పోతున్నయి సిస్టరమ్మా. తెల్లబట్ట గాదు. నీళ్లే. బట్ట మార్చలేక సస్తున్న. నమాజుకు గూసోరాకుంట అయింది."

తెల్లబట్ట అని మా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, లోపల పుండు ఏదీ కనపడలేదని, కడుక్కునే మందూ రక్తం పట్టే మందూ ఇచ్చి పంపారు. అలాంటివాళ్లలో చాలామందికి అది సరిపోయేది. ఈమెకు సరిపోలేదు.

మళ్లీ వచ్చినప్పుడు ఒళ్లు కాలుతోంది. థర్మామీటరు తీసుకుని దగ్గరికి వెళ్లాను. ఆమె పళ్లకూ పెదవులకూ మిస్సీ దట్టంగా పట్టించి ఉంది. మీరు చూసి ఉండరు. మిస్సీ అంటే నల్లటి పొడి. సాయబుల ఇళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు ఆ రోజుల్లో సింగారానికి దాన్ని పళ్లకూ పెదవులకూ రాసుకునేవారు. గాజు గొట్టానికి అంటితే ఒక పట్టాన వదలదు. పగలకుండా మిగిలిన ఒక్క థర్మామీటరు అది. "ముందుగాల నోరు పుక్కిలిచ్చుకో అమ్మీ" అని నీళ్లు ఇచ్చి, పెదవులు తుడుచుకోమని గ్లిజరిన్ అద్దిన దూది చేతిలో పెట్టాను.

పళ్ల నలుపు పోలేదు. పెదవులు తేటపడ్డాయి. అప్పుడు చూశాను. కింది పెదవి నిండా, పై పెదవి అంచున, ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న నల్లటి మచ్చలు. నోరు తెరిస్తే బుగ్గల లోపలా అవే.

"ఇవేంది? కాలినయా?"

ఆమె చటుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది. "కాదు. చిన్నప్పటి సంది ఉన్నయి. మా అమ్మకు గూడ ఉండె."

"మీ అమ్మ ఇప్పుడేడున్నది?"

"సచ్చిపోయింది. నా తీరుగనే నీళ్లు పోయినయి. ఎనుకకెళ్లి నెత్తురు పోయింది. ముప్పయి గూడ నిండలే. అమ్మమ్మకూ గంతేనంట."

నేను లోపలికి వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆవిడ బుగ్గ లాగి చూశారు, కిటికీ దగ్గరికి తిప్పి చూశారు. మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి గర్భాశయం ముఖద్వారం వేలికి లావుగా, గట్టిగా తగిలిందట. పైకి మాత్రం నున్నగా ఉంది. పుండు లేదు, ముట్టుకుంటే నెత్తురు రాలేదు. అక్కడ వచ్చే క్యాన్సర్ ఎలా ఉంటుందో ఆవిడకు బాగా తెలుసు. కాలీఫ్లవరులా పెరిగి, వాసన వేసి, ఎవరికైనా తెలిసిపోతుంది. ఇది అలా లేదు. చిన్న ముక్క తీసి సీసాలో వేసి పట్నానికి, అంటే హైదరాబాదుకు, పంపారు.

పట్నం నుంచి జవాబు వచ్చింది. క్యాన్సర్ లేదు, కణాలన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఆ సమయంలో డాక్టరమ్మ చర్చిలో ఉన్నారు. నేను కాన్పు గదిలో ఉన్నాను. కవరు అందుకున్నది కంపౌండరు సాబ్. ఆ రోజే సంతకు వచ్చిన భర్తను వెతికి పట్టుకుని కౌగిలించుకుని, "ముబారక్ మియా, నీ బీబీకి ఏం లేదు, అంత సాఫ్!" అన్నాడట. బజారులో నలుగురికీ చాయ్ తాగించాడట కూడా. మేం బయటికి వచ్చేసరికి అతను ఇంటికి వెళ్లిపోయాడు. ఆ భార్యాభర్తలు ఇక రాలేదు. ఏమీ లేదని ఆసుపత్రివాళ్లే చెప్పాక ఎందుకు వస్తారు?

డాక్టరమ్మ కంపౌండరు సాబ్‌ను ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు పెద్ద శిక్ష అయింది. రెండు రోజులు నోరు మెదపకుండా మందులు కలిపాడు. ఊరంతా ఆయనకు జ్వరమనుకుంది.

"కాగితంలో బాగుగా ఉన్నదని వ్రాసినారు" అన్నారు డాక్టరమ్మ నాతో, చేతులు కడుక్కుంటూ. "నా వ్రేలు అట్లు చెప్పుట లేదు సిస్టర్. తల్లి, తల్లికి తల్లి, ఇప్పుడు ఈమె. ఆ మచ్చలు. నేను చదివిన పుస్తకములో ఇది లేదు. లేనంత మాత్రమున అబద్ధము కాదు గదా?"

సీతాఫలాలు పండే రోజుల్లో నేను ఆ పల్లెకు వెళ్లాను. పసిపిల్లలకు టీకాలు వేయడానికి ఆసుపత్రి బండి అటు వెళ్తుంటే ఎక్కి కూర్చున్నాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిలి నిండా గంపలు, గంపల నిండా కాయలు, మధ్యలో కూర్చుని కన్ను విచ్చిన కాయలను వేరు చేస్తున్న ఒక పెద్ద మనిషి. ఆమె మా రోగికి ఖాలా, అంటే తల్లికి అక్క. చెల్లెలు పోయినప్పటి నుంచి చెల్లెలి ఇద్దరు ఆడపిల్లలనూ ఆమే పెంచింది. పెద్దది మా రోగి. చిన్నదానికి పదిహేడో ఏమో ఉంటాయి. నన్ను చూడగానే ఓణీ ముక్కు దాకా లాక్కుని లోపలికి తప్పుకుంది.

మా రోగి చిక్కిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మునుపటికంటే ఎక్కువగా పోతోందని, ఎవరికీ చెప్పలేదని కళ్లతోనే చెప్పింది.

"ఖాలా, ఈ మచ్చల ముచ్చట నాకు జెప్పుర్రి" అన్నాను.

ఖాలా నన్ను ఎగాదిగా చూసింది. గంప పక్కకు జరిపి, నాకు ఒక పండు విప్పి ఇచ్చింది. తర్వాత మొదలుపెట్టింది.

"మా తాతల నాడు ఎండకాలంల ఒక ఫకీరు వచ్చి మంచినీళ్లు అడిగిండంట. ఇయ్యకుంట ఎల్లగొట్టిన్రంట. మీ ఆడోళ్ల పానం నీళ్లయి పోనీ అని శాపం వెట్టిండంట. ఊరంత గదే అంటది. నేను మాత్రం గది నమ్మ."

"ఎందుకు?"

"శాపమైతే అందరికి తాకాలె గద బిడ్డా? నాకు తాకలే. నా మూతి సాఫ్. మా అమ్మకు మచ్చలుండె, సచ్చింది. చెల్లెకుండె, సచ్చింది. తమ్మునికుండె, పేగుల గడ్డ లేసి సచ్చిండు వాడు, మొగోడు. మచ్చలు లేనోళ్లం రాళ్ల లెక్క ఉన్నం. ఫకీరు మచ్చలు జూసి శాపం వెడతడా?" గొంతు తగ్గించింది. "చిన్న పిల్లకు మస్తు సంబంధాలు వచ్చినయి. మూతి జూసి వాపస్ పోతున్నరు. పెండ్లయితే మిస్సీ పూసి దాయొచ్చు. పెండ్లి గాని పిల్లకు మిస్సీ ఎట్ల పూస్తం?"

తిరుగు బండిలో ఖాలా మాటలే లెక్క వేసుకుంటూ వచ్చాను. తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్లు సింగారం పేరుతో దాచింది జబ్బు గుర్తునే.

విన్నది విన్నట్టు డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ మరునాడే రైలెక్కి పట్నం వెళ్లి పెద్ద సర్జన్‌ను కలిశారు. ఆయన చేయి గట్టిదని రాజ్యమంతా పేరు. మర్యాదగానే విన్నారట. విని, కుదరదన్నారట. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. "చిన్న వయసు. ఒక్కతే బిడ్డ. ముక్క పరీక్షలో జబ్బు లేదంటున్నారు. పెదవి మీద మచ్చలు చూసి గర్భసంచి తీసేయమంటారా? రేపు ఆమె కాపురం ఏమవుతుంది? నాకు చూపించండి, అప్పుడు ఆలోచిస్తాను."

"ఏమి చూపుట?" అని డాక్టరమ్మ తిరిగి వచ్చి బల్ల మీద తల పట్టుకున్నారు. "ఆ కుటుంబమునంతా పట్నమునకు తోలుకొని పోవలెనా?"

అప్పటిదాకా మూల నిలబడి సీసాలు తుడుస్తున్న కంపౌండరు సాబ్ గొంతు సవరించుకున్నాడు.

"వాళ్లు పట్నం పోరు డాక్టరమ్మా. పరదా ఇండ్లు. గని, సర్జన్ సాబే వస్తరు. చలి వడ్డంక ఐతారం ఐతారం షామీర్‌పేట చెరువుకు బాతుల షికారుకు వస్తరు. బాతులను లేపే మనిషి మా చిన్నాయన కొడుకే. కబురు నా నోట్లకెళ్లి పోయి ఖరాబ్ అయింది గద. నేనే బాగు జేస్త."

పిల్లలూ, ఇక అసలు రోజు. చలికాలం, ఆదివారం. డాక్టరమ్మ ఆ రోజు చర్చి మానేసి, దేవుడితో తర్వాత మాట్లాడుకుంటానన్నారు. తెల్లవారేసరికి మేం ఖాలా వాకిట్లో ఉన్నాం. ఖాలా ముందు రోజే మనిషిని పంపి తన తల్లి సంతానమంతటినీ పిలిపించింది. ఆమె ఇద్దరు కూతుళ్లు, చనిపోయిన తమ్ముడి కొడుకు, మా రోగి, ఆమె చెల్లెలు. రోగి భర్త గోడవారన నిలబడ్డాడు.

చెరువు కట్ట మీద ఏం జరిగిందో నాకు కంపౌండరు సాబ్ చెబితేనే తెలుసు, కాబట్టి కాస్త ఉప్పూ కారం తీసేసి వినండి. సర్జన్ సాబ్ తుపాకీ పట్టుకుని చలిలో కూర్చున్నారట. మావాడు వెళ్లి సలాం కొట్టి, "హుజూర్, గాలి మారింది. పొద్దెక్కే దాక బాతులు లేవవు. దగ్గరనే మావోళ్ల ఇల్లు. వేడి చాయ్ తాగుదురు" అన్నాడట. గాలి ఏమీ మారలేదు. బాతులను లేపాల్సిన చిన్నాయన కొడుకు రెల్లు గడ్డిలో బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

బురద బూట్లతో వాకిట్లోకి వచ్చిన సర్జన్‌గారు డాక్టరమ్మను చూసి ఆగిపోయారు. కంపౌండరు వైపు చూశారు. మళ్లీ డాక్టరమ్మను చూశారు. పెద్దగా నవ్వారు.

"షికారుకు నేను వచ్చాననుకున్నాను. షికారు నన్నే చేశారన్నమాట!" అన్నారు ఉర్దూలో. తుపాకీ గోడకు ఆనించి నులక మంచం మీద కూర్చున్నారు. "సరే. చూపించండి."

కష్టం అక్కడే వచ్చింది. లోపల ఆడవాళ్లు గడప దాటేది లేదన్నారు. ఖాలా కూతుళ్లయితే ఏడుపు మొదలుపెట్టారు. "పరాయి మొగోనికి మూతి జూపియ్యాల్నా అమ్మా? గది మా తోని గాదు."

కంపౌండరు సాబ్ ఆసుపత్రి నుంచి తెచ్చిన తెల్ల దుప్పటి వాకిలికి అడ్డంగా కట్టాడు. కత్తెర తీసుకుని మనిషి నోరెత్తున అడ్డంగా ఒక చీలిక కోశాడు. ఆసుపత్రిలో మంచి దుప్పటి అదొక్కటే. ఆ చీలికలోంచి నోరు ఒక్కటే కనపడుతుంది, ముఖం కనపడదు. అయినా ఎవరూ కదల్లేదు.

అప్పుడు ఖాలా లేచింది. గడప మీద గట్టిగా నిలబడి అంది: "నా తల్లికి గుసుల్ ఇచ్చింది నేను. నా చెల్లెకు గుసుల్ ఇచ్చింది నేను. శవాన్ని కడుగుతాంటె మిస్సీ పోయి మచ్చలు ఎల్లినయి. సచ్చినంక నేను కడిగితె కనవడ్డయి గద. బతికుండంగ మీరు కడుక్కుంటె ఏం పోతది మీది?"

ఖాలా చింతపండు ముద్ద తీసుకుని తన పెదవులు తనే తోముకుంది. నా చేతిలోని గ్లిజరిన్ దూది లాక్కుని తుడుచుకుంది. దుప్పటి దగ్గరికి వెళ్లి చీలికలో నోరు పెట్టింది.

"జూడు సాబ్. నావి సాఫ్. నేను బతికున్న."

సర్జన్‌గారు మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. ఒక పెద్ద ముసలామె ముందు నిలబడాల్సిన తీరులోనే నిలబడ్డారు. తర్వాత ఖాలా కూతుళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. వాళ్లవీ శుభ్రంగా ఉన్నాయి. తర్వాత మా రోగి. తర్వాత చెల్లెలు, ఓణీ కొంగు పళ్ల మధ్య కొరుక్కుంటూ. నేను లోపలి వైపు నుంచి ఒక్కొక్కరి భుజం పట్టుకుని ఎవరో చెబుతున్నాను. మచ్చలున్న ఇద్దరినీ సర్జన్‌గారు వంగి, బుగ్గల లోపలి దాకా చూశారు. మేనమామ కొడుకు ఎలాగూ బయటే ఉన్నాడు. మీసం ఎత్తి చూపించాడు. వాడికీ ఉన్నాయి.

"కడుపు నొప్పి వస్తుందా?" అని వాణ్ణి అడిగారు.

"ఒకపారి పేగు ముడి వడ్డది సాబ్. సావుకు పోయి వచ్చిన. ఇప్పటికి అప్పుడప్పుడు మెలివెడతది."

దుప్పటి వెనక నుంచి చెల్లెలు సన్నగా అంది: "నాకు గూడ."

సర్జన్‌గారు మళ్లీ కూర్చున్నారు. చాయ్ చల్లారిపోయింది. డాక్టరమ్మతో మెల్లగా మాట్లాడారు. వరంగల్ వైపు పని చేసే రోజుల్లో ఇలాంటి మచ్చల కుర్రవాడికి పేగు ముడిపడితే కడుపు కోశారట. పేగు లోపల ద్రాక్షగుత్తుల్లా గడ్డలు వేలాడుతూ కనపడ్డాయట. "మచ్చలు అప్పుడే చూశాను. వాటికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు. ఒక్కణ్ణే చూశాను మరి. మీరు ఇంటిని చూశారు" అన్నారు. తల ఎత్తి మామూలు గొంతుతో, "ఆమెను పట్నం తీసుకురండి. నేను చేస్తాను" అన్నారు.

చేస్తానంటే సరిపోదు కదా. చేయించుకునే మనిషి ఒప్పుకోవాలి. డాక్టరమ్మ లోపలికి వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నారు. ఏమీ దాచలేదు. ఆపరేషన్ పెద్దది, ప్రాణానికి ప్రమాదం ఉంది, ఇక పిల్లలు పుట్టరు, ఒకవేళ తీశాక లోపల జబ్బు లేదని తేలినా తేలవచ్చు. ఆ పుస్తకాల తెలుగును నేను మార్చి చెప్పబోతే ఆమె చేయి ఎత్తి ఆపింది.

"సమజైంది సిస్టరమ్మా." తన బిడ్డను ముందుకు తోసింది. "ముందుగాల దీని మూతి జూడుర్రి."

డాక్టరమ్మ పాప పెదవులు తిప్పి చూశారు. బుగ్గల లోపల చూశారు. ఒక్క మచ్చ లేదు. "ఇప్పటికి లేవు. ఇంకనూ చూచుచుండవలెను. కాని లేవు" అన్నారు.

ఆమె కళ్లు తుడుచుకుని దుప్పటి వైపు తిరిగి, పెద్దగా, అవతల ఉన్న భర్తకు వినపడేలా అడిగింది: "నాకు ఇగ కొడుకు పుట్టడు. నువ్వు ఏమంటవో అందరి ముందట అను."

గేటు దగ్గర నిలబడడం తప్ప నోరు విప్పగా నేను ఏనాడూ వినని ఆ మనిషి, దుప్పటి అవతల నుంచి, "నా బిడ్డకు తల్లి గావాలె. నాకు నువ్వు గావాలె. కొడుకు ముచ్చట ఎవడడిగిండు?" అన్నాడు.

సర్జన్‌గారు తుపాకీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు ఆయనకు ఒక్క బాతూ దొరకలేదు. మావాడి చిన్నాయన కొడుకు బీడీలన్నీ అయిపోయాకే లేచాడట.

ఆపరేషన్‌కు డాక్టరమ్మను సాయంగా నిలబెట్టుకున్నారు సర్జన్‌గారు. నన్ను రోగి తల దగ్గర ఉండనిచ్చారు. పెన్సిలిన్ పేరు అప్పుడప్పుడే వినపడుతున్న రోజులు. చీము పడితే మా దగ్గర ఉన్నది సల్ఫా మాత్రలూ ప్రార్థనా. నేను ఆమె చేయి పట్టుకుని నాడి మీదే మనసు పెట్టి నిలబడ్డాను. గర్భసంచి బయటికి వచ్చాక సర్జన్‌గారు పళ్లెంలో పెట్టి, దాని మెడను నిలువునా కోసి, డాక్టరమ్మను పిలిచారు. నేనూ మెడ చాచి చూశాను. పైన చర్మం నున్నగా ఉంది. లోపల కండలో లోతు దాకా చిన్న చిన్న గూళ్లు, తేనెపట్టులా. వాటి నిండా జిగురు నీరు.

"మీ వేలే నిజం చెప్పింది" అన్నారు ఆయన.

అంతకుముందు జబ్బు లేదని రాసిన డాక్టరుగారే ఈసారి లోతు ముక్కలు కోసి చూశారు. జవాబు కాగితం మీద పంపకుండా వార్డుకు స్వయంగా వచ్చారు. పెద్ద మనసున్న మనిషి. "ముందు మీరు పంపింది తలుపు చెక్క ముక్క. దొంగ ఇంటి లోపల ఉన్నాడు" అన్నారు డాక్టరమ్మతో. "ఇప్పటికీ ఆ కణాలు మంచివాటిలాగే కనపడుతున్నాయి. కానీ మంచి కణాలు అంత లోతుకు పోవు. క్యాన్సరే. అంచుల దగ్గర మాత్రం ఎక్కడా లేదు. మొత్తం వచ్చేసింది."

మొత్తం వచ్చేసింది. ఆ రెండు మాటలు ఆమెకు చెప్పమని, మాకు తోడుగా పట్నం వచ్చిన కంపౌండరు సాబ్‌ను నేనే ముందుకు తోశాను. ఆయనే చెప్పాడు. ఈసారి డాక్టరమ్మే ఆయనను పిలిచి, "వెళ్లి బజారులో చెప్పుడు" అన్నారు. మేడ్చల్ స్టేషనులో ఆమె రైలు దిగిన రోజు బజారులో సగం మంది అక్కడ ఉన్నారు. మా నాయిన పట్టాల మీద పలుగు పక్కన పెట్టి వచ్చాడు. ఆమె తన కాళ్ల మీద తను నడిచింది. పెదవులకు మిస్సీ లేదు.

గెలుపు అక్కడితో ఆగలేదు. మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఖాలా బండి తోలించుకుని మా గేటు దగ్గర దిగింది. బండిలో చిన్న పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. "మంత్రగాని తానకు పోలే, నాటుమందు పొయ్యలే. మచ్చల పిల్ల, కడుపు ముడి వడ్డది. జల్దీ పట్నం పంపుర్రి" అంది. జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పేసింది. సర్జన్‌గారు కోసి చూస్తే పేగులోకి పేగు దూరిపోయి ఉంది, లోపల ఆయన చెప్పిన ద్రాక్షగుత్తులే. పేగు కుళ్లక ముందే చేరింది కాబట్టి బతికింది.

ఆ పిల్లతో సంబంధం ఎవరు కలుపుకున్నారనుకున్నారు? మా కంపౌండరు సాబే, తన అన్న కొడుకుకు. ఎవరో అడిగితే బజారులో నిలబడి అన్నాడు: "మచ్చలు జూసే జేసుకుంటున్న. ఏం జబ్బు వస్తదో తెలిసిన పిల్ల, తెల్వని పిల్ల కంటె నయం గాదా?" ఆ అమ్మాయి ఏటా వచ్చి పరీక్ష చేయించుకునేది. నేను బదిలీ అయ్యాక కూడా మానలేదు.

మా తమ్ముడి మనవరాలు ఇప్పుడు డాక్టరు. ఆమెకు ఈ కథ చెబితే కళ్లు పెద్దవి చేసింది. దానికి ఇప్పుడు పేరుందట, కనిపెట్టిన ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారట. నా నోరు తిరగలేదు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్లలో దాదాపు అన్నీ ఒక వైరస్ వల్ల వచ్చేవేనట, వంశంతో పనిలేదట. అందుకని ప్రతి ఆడదీ పరీక్ష చేయించుకోవాల్సిందేనట. నెత్తురులో దిగివచ్చే ఇలాంటిది ఎక్కడో చాలా అరుదట. "అంత అరుదైనది మీకు ఎలా దొరికింది?" అని అడిగింది. దొరకడమేమిటి, అది ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. మేం అడిగాం, వాళ్లు చెప్పారు. రోగిని పరీక్ష చేసినప్పుడు తల్లి గురించి అడగండి, తల్లికి తల్లి గురించి అడగండి. చెప్పడానికి వాళ్లకు ఇష్టం లేకపోతే కూర్చోండి. పండు విప్పి ఇస్తే తినండి.

డాక్టరమ్మ తర్వాత మద్రాసు వెళ్లిపోయారు. సర్జన్‌గారూ కంపౌండరు సాబూ ఇద్దరూ ఈ లోకంలో లేరు. ఖాలా ఎనభై దాటి, నిద్రలో పోయింది. మా రోగిని చివరిసారి నేను పదవీ విరమణ చేసిన ఏడు చూశాను. షామీర్‌పేట రోడ్డు పక్కన సీతాఫలాల గంపల ముందు కూర్చుని, పండు పిసికి చూస్తున్న ఒక పట్నం సాబ్‌ను తిడుతోంది. తల ముగ్గుబుట్ట, నోట్లో సగం పళ్లు లేవు, చుట్టూ కూతురి పిల్లలు. నన్ను గుర్తుపట్టి, లేచి, అందరి ముందూ వాటేసుకుంది.

"ఎట్లున్నవు అమ్మీ?" అన్నాను.

తన ముడతల ముఖం రెండు చేతులతో తడుముకుని నవ్వింది.

"మా ఇంట్ల మచ్చలున్న ఆడది ముసలిదైతే ఎట్లుంటదో ఎవలకు తెల్వకుండె సిస్టరమ్మా. ఇగ నన్ను జూసి తెలుసుకుంటున్నరు."